బయోస్ అప్‌డేట్ తర్వాత డిస్‌ప్లే రాకపోతే ఏ వరుసలో వెతకాలి

కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామైన బయోస్ అప్‌డేట్ నూటికి నూరు శాతం పూర్తయినట్టు చూపించి కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, మానిటర్ మాత్రం ‘నో సిగ్నల్’ అని చూపించి నిద్రలోకి జారుకుంటుంది. ఈ స్థితిలో కంప్యూటర్‌ను దుకాణానికి తీసుకెళ్లినవారిలో చాలామందికి దొరికే సమాధానం ‘బోర్డు పోయింది, మార్చాలి’ అన్నదే. ఆ తీర్పును వెంటనే ఒప్పుకోనవసరం లేదు. అప్‌డేట్ తర్వాత డిస్‌ప్లే రాకపోవడానికి ఉన్న కారణాల్లో ఫర్మ్‌వేర్ (చిప్‌లోనే ఉండే ఆ ప్రోగ్రాము) నిజంగా చెడిపోవడం ఒకటి మాత్రమే, పైగా అది అన్నిటికంటే చివర అనుమానించవలసింది. అది చెడిపోయినా చాలా బోర్డులను, ల్యాప్‌టాప్‌లను భాగాలేవీ మార్చకుండానే తిరిగి పని చేయించవచ్చు. కావలసింది ఓపిక, సరైన వరుస. చివర చేయవలసిన పనిని ముందే చేసినవారే సాధారణంగా బోర్డును పోగొట్టుకుంటారు.

ముందుగా అప్‌డేట్ వల్ల లోపల ఏం మారిందో తెలుసుకుంటే తర్వాతి పనులన్నీ అర్థవంతంగా కనిపిస్తాయి. బయోస్ అని మనం ఇప్పటికీ పిలుస్తున్న యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ మదర్‌బోర్డు మీద ఉండే ఎనిమిది కాళ్ల చిన్న ఫ్లాష్ చిప్‌లో ఉంటుంది. ఇటీవలి బోర్డుల్లో దాని సామర్థ్యం ఎక్కువగా 16 లేదా 32 మెగాబైట్లు. అప్‌డేట్ ఈ చిప్‌లోని ప్రోగ్రామును చెరిపి కొత్తది రాస్తుంది. దానితోపాటు మీరు ఎప్పుడో పెట్టుకున్న సెట్టింగులు ఫ్యాక్టరీ స్థితికి వెళ్లిపోతాయి, ర్యామ్‌కు సరిపడే వేగాన్ని, టైమింగులను బోర్డు గతంలో పరీక్షించి దాచుకున్న సమాచారం కూడా చెరిగిపోతుంది. అంటే అప్‌డేట్ తర్వాతి మొదటి బూట్‌లో కంప్యూటర్ తన ప్రాసెసర్‌ను, ర్యామ్‌ను, గ్రాఫిక్స్ కార్డును మొదటిసారి చూస్తున్నట్టే ప్రవర్తిస్తుంది. కాబట్టి నల్లని తెర కనిపించగానే అడగవలసిన ప్రశ్న ‘చిప్ చెడిపోయిందా’ అన్నది కాదు. ‘ఏ సెట్టింగు మారింది, ఏ పని ఇంకా పూర్తి కాలేదు’ అన్నది.

మొదటి పని: పవర్ బటన్ మీద చేయి వేయకుండా వేచి ఉండడం

డీడీఆర్5 ర్యామ్ ఉన్న కంప్యూటర్లలో, ముఖ్యంగా 2022 సెప్టెంబరులో వచ్చిన ఏఎండీ ఏఎం5 సాకెట్ బోర్డుల్లో, అప్‌డేట్ తర్వాత మొదటి బూట్‌లో జరిగే మెమరీ ట్రైనింగ్‌కు, అంటే ర్యామ్‌కు సరిపడే వేగాన్ని, టైమింగులను బోర్డు పరీక్షించుకోవడానికి, కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ సమయమంతా తెర నల్లగానే ఉంటుంది, బోర్డు మీద డీర్యామ్ అని రాసి ఉన్న చిన్న లైటు వెలుగుతూ ఉంటుంది, కంప్యూటర్ ఒకటి రెండు సార్లు తనంతట తానే ఆగి మళ్లీ మొదలు కావచ్చు. ఇది లోపం కాదు. నాలుగు స్లాట్లలోనూ ర్యామ్ ఉన్నా, ర్యామ్ పరిమాణం పెద్దదైనా ఇంకా ఎక్కువ సేపు పడుతుంది. ఇక్కడ మధ్యలో పవర్ తీసేస్తే ట్రైనింగ్ మళ్లీ మొదటి నుంచి జరగాలి. కనీసం పదిహేను నిమిషాలు, పెద్ద ర్యామ్ ఉంటే అరగంట దాకా కంప్యూటర్‌ను దాని మానాన వదిలేయడం మంచిది. పాత డీడీఆర్4 యంత్రాల్లో ఇంత సమయం పట్టదు కానీ వాటికి కూడా పది నిమిషాలు ఇస్తే పోయేదేమీ లేదు.

ల్యాప్‌టాప్‌ల విషయంలో ఈ ఓపిక మరింత అవసరం. వాటిలో బయోస్‌తో పాటు కీబోర్డును, ఛార్జింగును, ఫ్యాన్‌ను నడిపే ఎంబెడెడ్ కంట్రోలర్‌కు కూడా కొత్త ఫర్మ్‌వేర్ రాయడం జరుగుతుంది. ఆ దశలో తెర పూర్తిగా ఆరిపోయి, ఫ్యాన్ మాత్రం పూర్తి వేగంతో తిరగడం సహజమే. పైగా ఇప్పుడు విండోస్ అప్‌డేట్ ద్వారానే ఫర్మ్‌వేర్ వస్తోంది కనుక, రాత్రి రీస్టార్ట్‌కు వదిలేసిన ల్యాప్‌టాప్ లోపల బయోస్ మారుతోందన్న సంగతి యజమానికి తెలియకపోవచ్చు. ఛార్జర్ తీయకూడదు, మూత వేయకూడదు. కరెంటు తరచుగా పోయే ఊళ్లలో డెస్క్‌టాప్ వాడేవారు యూపీఎస్ లేకుండా బయోస్ అప్‌డేట్‌కు పూనుకోకపోవడమే క్షేమం. ఇంటి ఇన్వర్టర్ మీద ఆధారపడేవారు అది యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో ముందే చూసుకోవాలి, ఎందుకంటే మామూలు మోడ్‌లో కరెంటు నుంచి బ్యాటరీకి మారే ఆ కొద్ది వ్యవధి కంప్యూటర్ ఆగిపోవడానికి చాలు.

ఎక్కడ ఆగిందో కనిపెట్టడం

వేచి చూసినా తెర రాకపోతే, కంప్యూటర్ ఏ మెట్టు మీద ఆగిందో తెలుసుకోవాలి. దీనికి పరికరాలేవీ అక్కర్లేదు. కీబోర్డు మీద క్యాప్స్ లాక్ కీని నాలుగైదు సార్లు నొక్కి దాని లైటు వెలిగి ఆరుతోందేమో చూడండి. లైటు మారుతోందంటే ప్రాసెసర్, ర్యామ్, ఫర్మ్‌వేర్ పని చేస్తున్నాయని, దృశ్యం తెర దాకా రావడంలోనే ఇబ్బంది ఉందని దాదాపుగా ఖాయం చేసుకోవచ్చు. లైటు మారకపోతే కంప్యూటర్ అంతకంటే ముందే ఆగి ఉండే అవకాశం ఉంది. కొన్ని బోర్డులు బూట్ తొలి దశలో యూఎస్‌బీ కీబోర్డును గుర్తించవు కాబట్టి రెండోది పూర్తి రుజువు కాదు, మొదటిది మాత్రం చాలా విలువైన ఆధారం.

తయారీదారు లోగో ఒకసారి కనిపించి ఆ తర్వాతే తెర నల్లబడుతున్నట్లయితే బయోస్ తన పని తాను చేసింది. ఇబ్బంది విండోస్‌లోనో దాని గ్రాఫిక్స్ డ్రైవర్‌లోనో ఉంది. విండోస్, కంట్రోల్, షిఫ్ట్ కీలతో కలిపి బీ నొక్కితే డ్రైవర్ కొత్తగా మొదలవుతుంది. దానితో తేలకపోతే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి డ్రైవర్‌ను తీసేసి మళ్లీ వేసుకోవాలి. ఈ వ్యాసంలోని మిగతా భాగం లోగో కూడా రానివారి కోసం.

డెస్క్‌టాప్ బోర్డుల్లో చాలావాటి మీద సీపీయూ (ప్రాసెసర్), డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ అని రాసి ఉన్న నాలుగు చిన్న లైట్లు ఒక అంచున, ఎక్కువగా ర్యామ్ స్లాట్ల పక్కన, ఉంటాయి. కంప్యూటర్ మొదలైనప్పుడు ఇవి ఒకదాని తర్వాత ఒకటి వెలిగి ఆరిపోతాయి. ఏది ఆరకుండా నిలిచిపోతే అక్కడే పని ఆగినట్టు. క్యాబినెట్ పక్క తలుపు తీసి, గదిలో లైటు ఆర్పి చూస్తే స్పష్టంగా కనిపిస్తాయి. ఖరీదైన బోర్డుల్లో రెండంకెల కోడ్ చూపే చిన్న డిస్‌ప్లే ఉంటుంది, దాని అర్థం బోర్డు మాన్యువల్ చివరి పేజీల్లో ఉంటుంది. ఈ రెండూ లేని చవక బోర్డుల్లో బీప్ శబ్దాలే ఆధారం. కొత్త క్యాబినెట్లతో స్పీకర్ రావడం తగ్గిపోయింది కనుక, నాలుగు పిన్నుల చిన్న స్పీకర్‌ను విడిగా కొని పెట్టుకోవచ్చు, ధర చాలా తక్కువ. ర్యామ్ పూర్తిగా తీసేసి ఆన్ చేసినప్పుడు బోర్డు బీప్ చేస్తే ఫర్మ్‌వేర్ బతికే ఉందని అర్థం. బయోస్ చచ్చిపోయిన బోర్డు ర్యామ్ లేదని ఫిర్యాదు కూడా చేయలేదు. బోర్డు మార్చాలని ఎవరైనా అన్నప్పుడు ఈ ఒక్క పరీక్ష చేశారా అని అడగడం మీ హక్కు.

తెర, కేబుల్, ఏ సాకెట్ అన్న విషయం

క్యాప్స్ లాక్ లైటు మారుతున్నవారు ఇక్కడ మొదలుపెట్టాలి. అప్‌డేట్‌కు ముందు దృశ్యం గ్రాఫిక్స్ కార్డు నుంచి వస్తూ ఉండి, అప్‌డేట్ తర్వాత సెట్టింగులు మొదటికి వెళ్లడంతో బోర్డు మీది సాకెట్ నుంచి రావచ్చు, లేదా దానికి తలకిందులుగా జరగవచ్చు. కాబట్టి కేబుల్‌ను ఒకసారి కార్డుకు, ఒకసారి బోర్డుకు పెట్టి, ప్రతిసారీ కంప్యూటర్‌ను పూర్తిగా ఆపి ఆన్ చేసి చూడాలి. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ అన్న అక్షరం ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు, బోర్డు మీది హెచ్‌డీఎంఐ నుంచి ఎన్నటికీ దృశ్యం రాదు. ఏఎండీ ఏఎం4 సాకెట్ రైజెన్ ప్రాసెసర్లలో చివర జీ అన్న అక్షరం లేనివాటికీ ఇదే వర్తిస్తుంది.

డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ వాడుతున్నట్లయితే ఒకసారి హెచ్‌డీఎంఐకి మారండి. ఇంట్లో టీవీ ఉంటే దానికి కలిపి చూడడం అన్నిటికంటే తేలికైన పరీక్ష. ఎన్‌విడియా పాత మాక్స్‌వెల్, పాస్కల్ తరం కార్డుల్లో డిస్‌ప్లేపోర్ట్ 1.3, 1.4 మానిటర్లతో విండోస్ వచ్చేదాకా తెర నల్లగా ఉండిపోయే ఇబ్బంది ఉండేది. దాన్ని సరిచేయడానికి ఆ సంస్థ 2018లో కార్డుకే ఒక ఫర్మ్‌వేర్ అప్‌డేట్ విడుదల చేసింది. అలాంటి కార్డు ఉన్నవారికి బయోస్ లోపలి తెరలేవీ కనిపించవు, అంతా బోర్డు తప్పే అనిపిస్తుంది.

ఇక్కడే జాగ్రత్త పడవలసిన మరో సంగతి ఉంది. ఏఎండీ బోర్డుల్లో అప్‌డేట్ తర్వాత ఫర్మ్‌వేర్ టీపీఎం (డిస్కు తాళం కీల వంటి రహస్యాలను దాచే భద్రతా భాగం)లోని సమాచారం సరిపోలకపోతే, దాన్ని కొత్తగా మొదలుపెట్టాలా వద్దా అని అడుగుతూ వై లేదా ఎన్ నొక్కమని ఒక తెర వస్తుంది. అది మీరు చూడని మానిటర్ మీదో, వేరే సాకెట్‌లోనో కనిపిస్తూ ఉండవచ్చు, కంప్యూటర్ మీ జవాబు కోసం ఆగి ఉండవచ్చు. ఏమీ కనిపించకుండా ఊహతో వై నొక్కడం మంచిది కాదు. డిస్కుకు తాళం వేసే విండోస్ సదుపాయమైన బిట్‌లాకర్ ఆన్‌లో ఉన్న డిస్కు ఆ తర్వాత 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది, ఆ కీ లేకపోతే ఫైళ్లు చేతికి రావు.

సీమాస్ క్లియర్ చేసే విధానం

సీమాస్ అంటే బోర్డు బయోస్ సెట్టింగులను దాచుకునే చోటు, దాన్ని క్లియర్ చేస్తే అవి మొదటికి వస్తాయి. డిస్‌ప్లే రాని కంప్యూటర్లలో చాలావి ఈ దశలోనే తిరిగి లేస్తాయి కనుక దీన్ని తొందరపడకుండా, సరిగ్గా చేయాలి. కంప్యూటర్‌ను ఆపి, ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే పెట్టె) వెనక స్విచ్ ఆపి, పవర్ కార్డును గోడ నుంచి పూర్తిగా తీసేయండి. హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్ కేబుళ్లను కూడా తీయండి, మానిటర్ నుంచి వచ్చే కొద్దిపాటి కరెంటు కూడా కొన్ని బోర్డుల్లో లోపలి సెట్టింగులను బతికి ఉంచుతుంది. తర్వాత పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కి పట్టుకుంటే కెపాసిటర్లలో మిగిలిన కరెంటు పోతుంది.

ఇప్పుడు బోర్డు మీద క్లియర్ సీమాస్‌కు సంబంధించిన రెండు లేదా మూడు పిన్నుల జంపర్ ఎక్కడుందో మాన్యువల్ చూసి వెతకాలి. సాధారణంగా అది బోర్డు కింది అంచున, ముందు ప్యానెల్ తీగలు తగిలించే చోటికి దగ్గరగా ఉంటుంది. రెండు పిన్నులే ఉంటే స్క్రూడ్రైవర్ మొనతో రెండింటినీ కలిపి పది సెకన్లు ఉంచాలి, మూడు ఉంటే వాటి మీది టోపీని ఒకటి, రెండు పిన్నుల నుంచి రెండు, మూడు పిన్నులకు మార్చి పది సెకన్ల తర్వాత మొదటి చోటికి తేవాలి. టోపీని కొత్త చోటే వదిలేస్తే కొన్ని బోర్డులు అసలు ఆన్ కావు. కొన్నిటికి వెనకవైపే ఈ పనికి బటన్ ఉంటుంది. జంపర్ దొరకకపోతే గుండ్రని సీఆర్2032 బ్యాటరీని పక్కనున్న క్లిప్ వెనక్కి నొక్కి బయటికి తీసి, పదిహేను నిమిషాలు ఆగి తిరిగి పెట్టాలి. మూడేళ్లు దాటిన బ్యాటరీ అయితే ఈ సందర్భంలోనే కొత్తది వేయడం మంచిది. 3 వోల్టులు ఉండవలసిన చోట 2.7కు దిగిపోయిన బ్యాటరీ ప్రతి కరెంటు కోతకూ సెట్టింగులను పోగొట్టవచ్చు.

క్లియర్ చేశాక వచ్చే బూట్ కూడా మొదటి బూట్ లాంటిదే. మళ్లీ పదిహేను నిమిషాలు ఇవ్వాలి. ఈ విషయం మర్చిపోయి, రెండు నిమిషాల్లో డిస్‌ప్లే రాలేదని మళ్లీ క్లియర్ చేస్తూ పోతే మెమరీ ట్రైనింగ్ ఎప్పటికీ పూర్తి కాదు.

ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు

డీర్యామ్ లైటు నిలిచిపోయిన చోట ర్యామ్ స్టిక్కులన్నీ తీసి, ఒక్కదాన్ని మాత్రమే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కిస్తే రెండో స్లాట్‌లో పెట్టి చూడాలి. నాలుగు స్లాట్ల బోర్డుల్లో చాలావాటికి ఒక్క స్టిక్కు పెట్టవలసిన చోటు అదే. బంగారు రంగు కాంటాక్టులను పెన్సిల్ రబ్బరుతో నెమ్మదిగా ఒకే దిశలో రుద్ది, రబ్బరు పొడి మిగలకుండా మెత్తని బ్రష్‌తో దులిపి, రెండు వైపులా ‘టక్’ మని వినిపించేదాకా నొక్కాలి. ఒక స్టిక్కుతో రాకపోతే రెండోదానితో, తర్వాత వేరే స్లాట్‌లో ప్రయత్నించాలి. ప్రతి మార్పుకూ పవర్ కార్డు తీసి ఉండాలి.

వీజీఏ లైటు నిలిచినప్పుడు రెండు ప్రత్యేక కారణాలు ఉన్నాయి. ఇవి అప్‌డేట్‌తో నేరుగా ముడిపడి ఉన్నా చాలామంది గమనించరు. మొదటిది సీఎస్ఎం. పాత తరహా బయోస్ పద్ధతిని కొనసాగించే ఈ సదుపాయాన్ని కొత్త ఫర్మ్‌వేర్‌లు చాలావరకు మూసేసిన స్థితిలోనే ఇస్తున్నాయి. 2012కు ముందు వచ్చిన గ్రాఫిక్స్ కార్డుల్లో చాలావాటికి యూఈఎఫ్ఐ పద్ధతిలో దృశ్యం ఇచ్చే ప్రోగ్రామ్ ఉండదు కనుక, సీఎస్ఎం ఆన్‌లో ఉన్నన్నాళ్లూ పని చేసిన కార్డు అప్‌డేట్ మర్నాడు చచ్చినట్టు కనిపిస్తుంది. కార్డు బాగానే ఉంటుంది. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉంటే కార్డు తీసి బోర్డు సాకెట్‌తో, లేకపోతే స్నేహితుల దగ్గర కొత్త కార్డు ఒకటి ఒక పూటకు తెచ్చుకుని సెట్టింగుల్లోకి వెళ్లి సీఎస్ఎం ఆన్ చేస్తే సరిపోతుంది.

రెండోది రైజర్ కేబుల్. కార్డును నిలువుగా నిలబెట్టడానికి మూడో తరం పీసీఐఈ (గ్రాఫిక్స్ కార్డు తగిలించే స్లాట్ రకం) కేబుల్ వాడుతున్నవారు ఒకప్పుడు స్లాట్ వేగాన్ని జెన్ 3కి పరిమితం చేసి ఉంటారు. అప్‌డేట్ దాన్ని ‘ఆటో’కు మార్చింది, బోర్డు, కార్డు జెన్ 4 వేగంతో మాట్లాడుకోవాలని చూస్తున్నాయి, మధ్యలోని కేబుల్ ఆ వేగానికి తట్టుకోలేకపోతోంది. కేబుల్ తీసి కార్డును నేరుగా స్లాట్‌లో పెట్టగానే డిస్‌ప్లే వస్తే కారణం ఇదే.

కొత్త బయోస్ పాత ప్రాసెసర్‌ను మరిచిపోయినప్పుడు

సీపీయూ లైటు నిలిచిపోయిందని ప్రాసెసర్ కాలిపోయిందనుకోనక్కర్లేదు. ఏఎం4 బోర్డుల చరిత్రే దీనికి మంచి ఉదాహరణ. 2016 నుంచి ఎన్నో తరాల ప్రాసెసర్లు ఒకే సాకెట్‌లో వచ్చాయి, చాలా బోర్డుల చిప్‌లో మాత్రం 16 మెగాబైట్లే చోటుంది. 2019లో రైజెన్ 3000 వచ్చినప్పుడు కొందరు తయారీదారులు చోటు కోసం ఏఎండీ పాత ‘ఏ-సిరీస్’ ప్రాసెసర్లకు మద్దతును కొత్త బయోస్ నుంచి తొలగించారు. అలాంటి బయోస్‌ను పాత ప్రాసెసర్ ఉన్న బోర్డులో వేస్తే అప్‌డేట్ తప్పు లేకుండా పూర్తవుతుంది, ఆ తర్వాత ఏమీ రాదు. తయారీదారు వెబ్‌సైటులో మీ బోర్డు పేజీకి, అందులోనూ సరైన రివిజన్ సంఖ్యకు, వెళ్లి ప్రాసెసర్ జాబితాలో మీ ప్రాసెసర్‌కు ఎదురుగా ఏ బయోస్ వెర్షన్ రాసి ఉందో, ఆ వెర్షన్ వివరణలో ఏదైనా హెచ్చరిక ఉందో చదవాలి. ఇలాంటి స్థితిలో పాత బయోస్‌కు తిరిగి వెళ్లడమే మార్గం, దానికి డిస్‌ప్లే అవసరం లేని పద్ధతి ఒకటి ఉంది.

తెర లేకుండానే బయోస్ రాయడం

గత కొన్నేళ్లలో వచ్చిన మధ్యస్థ ధర బోర్డుల్లో చాలావాటికి వెనకవైపు ఈ సదుపాయం ఉంటుంది. ఆసుస్ దీన్ని యూఎస్‌బీ బయోస్ ఫ్లాష్‌బ్యాక్ అంటుంది, ఎంఎస్‌ఐ ఫ్లాష్ బయోస్ బటన్ అంటుంది, గిగాబైట్ క్యూఫ్లాష్ ప్లస్ అంటుంది, ఆస్‌రాక్ బయోస్ ఫ్లాష్‌బ్యాక్ అంటుంది. ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు పని చేయకపోయినా, అసలు లేకపోయినా, బోర్డులోని వేరే చిన్న కంట్రోలర్ పెన్ డ్రైవ్ నుంచి ఫైలు చదివి చిప్‌లో రాస్తుంది. మీ బోర్డులో ఈ బటన్ ఉంటే బయోస్ పోయిందన్న భయానికి ఇక తావు లేదు.

పని మొత్తం చెడేది ఎక్కువగా పెన్ డ్రైవ్ తయారు చేసే దగ్గరే. 16 లేదా 32 జీబీ పెన్ డ్రైవ్ తీసుకుని ఫ్యాట్32లో ఫార్మాట్ చేయాలి, ఎన్‌టీఎఫ్‌ఎస్, ఎక్స్‌ఫ్యాట్ పనికిరావు. మరో కంప్యూటర్‌లో బయోస్ జిప్ ఫైలును దింపి, విప్పి, అందులోని బయోస్ ఫైలును ఏ ఫోల్డరూ లేకుండా పెన్ డ్రైవ్ మొదటి స్థాయిలో పెట్టాలి. ఆ తర్వాత పేరు మార్చాలి: ఎంఎస్‌ఐ బోర్డుకు ‘ఎంఎస్‌ఐ’ చుక్క ‘ఆర్‌ఓఎం’, గిగాబైట్‌కు ‘గిగాబైట్’ చుక్క ‘బిన్’, ఆస్‌రాక్‌కు ‘క్రియేటివ్’ చుక్క ‘ఆర్‌ఓఎం’, అన్నీ ఇంగ్లిషు అక్షరాల్లో. ఆసుస్ బోర్డుకు పేరు బోర్డును బట్టి మారుతుంది కనుక జిప్‌లోనే వచ్చే బయోస్ రీనేమర్ ప్రోగ్రామును ఒకసారి నడిపితే చాలు. విండోస్‌లో ఫైల్ ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా పెట్టుకున్నాకే పేరు మార్చండి, లేకపోతే చుక్క తర్వాత రెండు ఎక్స్‌టెన్షన్లు చేరి బోర్డు ఆ ఫైలును గుర్తించదు.

కంప్యూటర్ ఆగి ఉండాలి, ఎస్‌ఎంపీఎస్ స్విచ్ మాత్రం ఆన్‌లో ఉండాలి, 24 పిన్నుల కనెక్టరుతో పాటు ప్రాసెసర్ దగ్గరి 8 పిన్నుల కనెక్టరు కూడా తగిలించి ఉండాలి. పెన్ డ్రైవ్‌ను వెనకవైపు బయోస్ అని రాసి ఉన్న, లేదా గీతతో వేరు చేసి చూపిన సాకెట్‌లోనే పెట్టాలి. పక్క సాకెట్‌లో పెడితే ఏమీ జరగదు. ఆసుస్ బోర్డులో బటన్‌ను మూడు సెకన్లు, లైటు మూడుసార్లు మెరిసేదాకా, నొక్కి వదలాలి. మెరుస్తూ కొనసాగితే రాస్తోందని, సాధారణంగా ఎనిమిది నిమిషాల లోపు ఆరిపోతే పూర్తయిందని అర్థం. అయిదు సెకన్లు మెరిసి ఆరకుండా నిలిచిపోతే ఫైలు పేరో, ఫార్మాటో, పెన్ డ్రైవో తప్పు. మిగతా సంస్థల బోర్డుల్లో సూచనలు కొద్దిగా వేరుగా ఉన్నా సూత్రం ఇదే. పూర్తయ్యాక సీమాస్ మరొకసారి క్లియర్ చేసి, మళ్లీ ఆ పదిహేను నిమిషాలు ఇవ్వాలి.

గిగాబైట్ పాత బోర్డుల్లో కొన్నిటికి రెండు బయోస్ చిప్‌లు ఉంటాయి. మొదటిది చెడితే రెండోదాని నుంచి బోర్డు తనంతట తానే కోలుకోవాలి, కొన్నిటికి దీనికోసం చిన్న స్విచ్ కూడా ఉంటుంది.

ల్యాప్‌టాప్‌లకు వేరే దారి

ముందుగా తెర మీద టార్చి లైటు ఏటవాలుగా వేసి చూడండి. మసగ్గా ఏదైనా కనిపిస్తే వెనకనుంచి వెలుగునిచ్చే లైటు మాత్రమే రావడం లేదు. బయటి మానిటర్ లేదా టీవీకి కలిపితే దృశ్యం వస్తుంది. ఏమీ కనిపించకపోతే ఛార్జర్ తీసి, బ్యాటరీ విడదీయగలిగినదైతే తీసి, పవర్ బటన్‌ను అర నిమిషం పైన నొక్కి పట్టుకోండి. లెనోవో థింక్‌ప్యాడ్‌లలో చాలావాటికి అడుగున పిన్ను పట్టేంత చిన్న రీసెట్ రంధ్రం ఉంటుంది. ఛార్జర్ తీశాక అందులో సన్నని పిన్నుతో నొక్కి, ఒక నిమిషం ఆగి, ఛార్జర్ పెట్టి ఆన్ చేయాలి.

హెచ్‌పీ ల్యాప్‌టాప్‌ను పూర్తిగా ఆపి, ఛార్జర్ పెట్టి, విండోస్, బీ కీలను కలిపి నొక్కి పట్టుకుని ఉండగానే పవర్ బటన్‌ను రెండు మూడు సెకన్లు నొక్కి వదలాలి, కీలను మాత్రం వదలకూడదు. రికవరీ తెర రావడానికి ముందు దాదాపు 40 సెకన్లు నల్లగానే ఉంటుందని ఆ సంస్థ సూచనల్లోనే ఉంది. చాలామంది ఇరవై సెకన్లకే వదిలేస్తారు. కొన్ని మోడళ్లలో బీ బదులు వీ పని చేస్తుంది. ల్యాప్‌టాప్ లోపల రికవరీ కాపీ లేకపోతే, వేరే కంప్యూటర్‌లో హెచ్‌పీ వెబ్‌సైటు నుంచి మీ మోడల్ బయోస్ దింపి, దాన్ని నడిపినప్పుడు వచ్చే రికవరీ పెన్ డ్రైవ్ తయారు చేసే అవకాశాన్ని ఎంచుకోవాలి.

డెల్ ల్యాప్‌టాప్‌లో కంట్రోల్, ఎస్కేప్ కీలను నొక్కి పట్టుకుని ఛార్జర్ తగిలించాలి. రికవరీ తెర కనిపించాక వదలాలి. డెల్‌లో బ్యాటరీ లైటు మెరుపులే భాష. పసుపు రెండుసార్లు, తెలుపు రెండుసార్లు మెరిస్తే బయోస్ చెడిందని, పసుపు రెండు, తెలుపు మూడు అయితే ర్యామ్ దొరకలేదని, పసుపు రెండు, తెలుపు ఏడు అయితే తెర లోపమని ఇటీవలి మోడళ్లలో అర్థం. సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసేముందు ఆ మెరుపులను ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి, మీ మాటకు అది సాక్ష్యమవుతుంది.

చివరి మార్గం: చిప్‌ను నేరుగా రాయడం

పై పద్ధతులేవీ పని చేయనప్పుడు, బోర్డుకు ఫ్లాష్‌బ్యాక్ బటన్ లేనప్పుడు, ప్రోగ్రామర్ అనే చిన్న పరికరంతో చిప్‌లో నేరుగా రాయాలి. సికింద్రాబాద్ చినాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల చిప్ లెవెల్ రిపేరు చేసేవారికి ఇది రోజువారీ పని. చేతి పనిలో అనుభవం ఉన్నవారు సీహెచ్341ఏ అనే ప్రోగ్రామర్ పరికరం, చిప్ మీద పట్టే క్లిప్ కొనుక్కుని ఇంట్లోనే చేస్తారు. మీరు చేసినా, వేరేవారితో చేయించినా మూడు విషయాల్లో రాజీ పడకూడదు.

చిప్ వోల్టేజి మొదటిది. చాలా చిప్‌లు 3.3 వోల్టులవే కానీ కొన్ని ల్యాప్‌టాప్‌ల్లో, కొన్ని ఏఎం4 బోర్డుల్లో 1.8 వోల్టుల చిప్ ఉంటుంది. వాటికి అడాప్టరు లేకుండా కలిపితే చిప్ పోతుంది. సీహెచ్341ఏ నల్ల రకం పరికరాల్లో చాలావాటికి డేటా కాళ్ల మీద 5 వోల్టులు వస్తాయన్నది కూడా తెలిసి ఉండాలి. రెండోది బ్యాకప్: రాసేముందు చిప్‌లో ఉన్నదాన్ని రెండుసార్లు చదివి, రెండు ఫైళ్లూ అక్షరం పొల్లు పోకుండా ఒకటేనని పోల్చుకున్నాకే ముందుకు వెళ్లాలి. మూడోది ల్యాప్‌టాప్‌లకు సంబంధించినది. వాటి చిప్‌లో సీరియల్ నంబరు, విండోస్ లైసెన్సు కీ, ఇంటెల్ మేనేజ్‌మెంట్ ఇంజిన్ సమాచారం ఉంటాయి కనుక ఎక్కడో దొరికిన ఫైలును యథాతథంగా రాస్తే డిస్‌ప్లే వచ్చినా అవన్నీ పోతాయి. పాత బ్యాకప్‌లో బయోస్ భాగాన్ని మాత్రమే మార్చి రాయించుకోవాలి. ఆసుస్ బోర్డులకు సంస్థ ఇచ్చే క్యాప్ ఫైలు మొదట్లో ఒక శీర్షిక ఉంటుంది, దాన్ని తీసేయకుండా రాస్తే బోర్డు లేవదు.

డిస్‌ప్లే వచ్చాక

తెర రాగానే పాత సెట్టింగులన్నీ ఒకేసారి పెట్టేయాలన్న ఆత్రం సహజం. ముందు తేదీ, సమయం సరిచేయండి. విండోస్ డిస్కు దొరకడం లేదంటే ఇంటెల్ వీఎండీ లేదా రెయిడ్ అనే డిస్కు సెట్టింగు అప్‌డేట్‌కు ముందు ఎలా ఉండేదో అలాగే పెట్టండి, విండోస్‌ను మళ్లీ వేయనక్కర్లేదు. బిట్‌లాకర్ కీ అడిగితే మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి ఫోన్ నుంచి వెళ్లి చూడవచ్చు, ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే ఐటీ విభాగం దగ్గర ఉంటుంది. తర్వాతి అప్‌డేట్‌కు ముందు బిట్‌లాకర్‌ను సస్పెండ్ చేసుకుంటే ఆ ప్రశ్నే రాదు. ఆ అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి: నమ్మదగిన ప్రోగ్రాములతోనే కంప్యూటర్‌ను మొదలుపెట్టనిచ్చే సెక్యూర్ బూట్‌కు ఆధారమైన 2011 నాటి మైక్రోసాఫ్ట్ సర్టిఫికెట్ల గడువు 2026 జూన్ నుంచి తీరేలా పెట్టి ఉంది, వాటి స్థానంలో కొత్తవి తేవడానికి కొన్ని కంప్యూటర్లకు కొత్త ఫర్మ్‌వేర్ అవసరమవుతుంది.

ర్యామ్ వేగాన్ని పెంచే ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో ప్రొఫైల్‌ను మాత్రం అన్నిటికంటే చివర ఆన్ చేయండి. మిగతా సెట్టింగులతో కంప్యూటర్ ఒకటి రెండు రోజులు నిలకడగా నడిచాక ఆ ఒక్క మార్పు చేసి, మెమరీ ట్రైనింగ్‌కు మళ్లీ సమయం ఇచ్చి చూడండి. అప్పుడు తెర నల్లబడినా, సీమాస్ క్లియర్ చేసి వెనక్కి వెళ్లవలసింది ఒక్క సెట్టింగు దగ్గరికేనని తెలిసి ఉంటుంది.